వైద్యవిద్య – రోగి రుణం

వైద్యవిద్య ఖరీదెంత అని ఈ రోజుల్లో ఎవరినడిగినా లక్షల్లోనో కోట్లలోనో జవాబు చెబుతారు. కోచింగుకు ఇంత, సీటుకు ఇంత, హాస్టలుకు ఇంత అని వేళ్ళు మడిచి లెక్క చూపించే తలిదండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ప్రభుత్వ కళాశాలలో ఒక్కొక్క విద్యార్థి మీద ఎంత ప్రజాధనం వెచ్చిస్తున్నదీ ప్రభుత్వంవారు అప్పుడప్పుడు సభల్లో గుర్తు చేస్తుంటారు. ఈ రెండు లెక్కల్లోనూ చేరని ఖర్చు ఒకటున్నది. దాన్ని భరించినవాడు రశీదు అడగలేదు; ఇస్తామని ఎవరూ అనలేదు. వైద్యవిద్యార్థి ఎవరి శరీరం మీద చెయ్యి పెట్టి విద్య నేర్చుకుంటున్నాడో ఆ మనిషి సంగతి నేను చెబుతున్నది. ఆ విద్య అతనికేమైనా బాకీపడి ఉన్నదా? ఉంటే ఆ బాకీ ఎలా తీరుతుంది? ఇది వైద్యశాస్త్రం జవాబు చెప్పగల ప్రశ్న కాదు. నీతికి సంబంధించిన ప్రశ్న. అంచేత వైద్యుడు కానివాడు కూడా దీన్ని చర్చించవచ్చునని నా అభిప్రాయం.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సికింద్రాబాదు శివారున యాప్రాల్‌లో ఉంటాను. మా పేటకు ఒకపక్క కంటోన్మెంటు, తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రి, పెన్షను పుచ్చుకుంటున్న సైనికోద్యోగుల ఇళ్ళు. ఇంకోపక్క జవహర్‌నగర్. అక్కడ సైన్యంవారి దంతవైద్య కళాశాల ఉన్నది. ఏళ్ళతరబడి మహానగరపు చెత్తనంతా తనమీద పోయించుకున్న డంపింగ్ యార్డూ ఉన్నది. దాని గాలీ, దాని నీళ్ళూ ఎవరి ఇళ్ళలోకి పోతాయో ఇక్కడి జనానికి పుస్తకం చదవకుండానే తెలుసు. పొద్దుటి బస్సులో ఈ రెండు పక్కల మనుషులూ ఎక్కుతారు. తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకున్న పిల్లా, ప్లాస్టిక్ సంచిలో పాత చీటీలూ ఎక్స్‌రేలూ పెట్టుకున్న ముసలమ్మా ఒకే సీటులో కూర్చుంటారు. ఇద్దరూ సికింద్రాబాదులో బస్సు మారి ముషీరాబాదు గాంధీ ఆసుపత్రికో, ఇంకో పెద్ద దవాఖానకో పోతారు. గుమ్మం దాటగానే ఒకరు విద్యార్థిని అవుతారు, రెండోవారు కేసు అవుతారు. పక్కపక్కన కూర్చుని వచ్చిన ఇద్దరి మధ్య ఈ మార్పు ఎక్కడ జరిగింది, ఎవరు జరిపించారు అన్నదే విచారించవలసిన విషయం.

ముందు చచ్చిపోయినవారి సంగతి చూద్దాం. ఎందుకంటే వైద్యవిద్యార్థి చదువు కూడా అక్కడే మొదలవుతుంది. మొదటి సంవత్సరం డిసెక్షన్ హాలులో ఫార్మలిన్ వాసన, కళ్ళమంట, బల్లమీద పేరులేని శరీరం. మొదటి రోజున అన్నం ముట్టలేకపోయిన పిల్లలు నెల తిరిగేసరికి అదే హాలు బయట నిలబడి సమోసాలు తింటారు. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు, తప్పుపట్టవలసిందీ లేదు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఆ శరీరం అక్కడికి ఎలా వచ్చింది అన్న ప్రశ్న కూడా అదే అలవాటులో కలిసిపోతుంది, చిక్కల్లా అక్కడున్నది.

శవాన్ని కోసి చూడాలని సుశ్రుతుడే చెప్పాడు. విషం తినీ, దీర్ఘరోగంతోనూ చావని, బాగా ముదిరిపోని మనిషి శవాన్ని తెచ్చి, గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, తరువాత పొరపొరగా గీసి చూడమన్నాడు. అటువంటి శవాన్ని ఎవరింటినుంచి తేవాలో మాత్రం చెప్పలేదు. ఐరోపాలో 1543లో శరీరనిర్మాణ శాస్త్రాన్ని తిరగరాసిన వెసాలియస్‌కు ఉరితీసిన నేరస్థుల శవాలు దొరికాయి. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో హంతకుడికి ఉరి ఒక్కటే చాలదని, అతని శవాన్ని కోయించడాన్ని కూడా శిక్షలో చేర్చారు. శవాలకు గిరాకీ పెరిగి, 1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారుమందిని చంపి శరీరాలను పాఠశాలకు అమ్ముకున్నట్టు బయటపడిన తరువాత, 1832లో అక్కడ చట్టం వచ్చింది. దాని ప్రకారం, అనాథశరణాలయాలలోనూ ఆసుపత్రులలోనూ చచ్చిపోయి, అడిగేవారు లేని శవాలు వైద్యపాఠశాలలకు పోవచ్చు. ఈ చట్టం చేసిన పని సూటిగా చెబితే ఇది: అంతకుముందు హత్యకు వేసిన శిక్షను ఆ తరువాత దారిద్ర్యానికి వేశారు. ఖననానికి డబ్బులేకపోవడమే నేరమైపోయింది. 1836లో కలకత్తాలో మధుసూదన గుప్త శవంమీద కత్తిపెట్టి కులాచారపు కంచె దూకినందుకు మనం ఆయన్ని తలుచుకుంటాం, తలుచుకోవలసిందే. కాని ఆ కత్తికింద ఉన్న మనిషి కులం, కూలి ఏమిటని ఏ చరిత్రకారుడూ అడగలేదు. మన రాష్ట్రాలలో చట్టాలూ ఆ 1832 నాటి చట్టం బాటనే నడిచాయి. "అనాథశవం" అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తున్నాం. నాథుడు లేనిది అని దాని అర్థం. బతికుండగా ఆ మనిషికి యజమానులు చాలామంది ఉండివుంటారు. చచ్చిన తరువాతనే ఎవరూ లేకుండా పోయింది.

ఈ విషయంలో కొంత అభివృద్ధి జరిగిందని ఒప్పుకోవాలి. తమంతట తాము శరీరం ఇచ్చేవారు పెరిగారు. 2010లో జ్యోతిబసు శరీరం కలకత్తాలో, 2024 సెప్టెంబరులో మన సీతారాం ఏచూరి శరీరం ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్యవిద్యార్థులకు చేరాయి. పేరున్నవాళ్ళ శరీరాలు కూడా ఆ బల్లమీదికి వస్తున్నాయంటే ఆ బల్ల శిక్షాస్థలం కాకుండా పోతున్నదన్నమాట. చాలా కళాశాలల్లో మొదటిరోజున విద్యార్థులు శవానికి పూలుపెట్టి, "నువ్వే మా మొదటి గురువువు" అని ప్రమాణం చేస్తున్నారు. మంచిదే. అయితే నాకొక సందేహం. చచ్చిపోయిన గురువుకు పూలు పెట్టడం సులభం; ఆయన తిరిగి ఏ ప్రశ్నా వెయ్యడు. రెండో సంవత్సరంలో వార్డులో ఎదురయ్యే గురువు బతికుంటాడు. ఆయనకు నొప్పి ఉంటుంది, సిగ్గు ఉంటుంది, ప్రశ్నలూ ఉంటాయి. ఆయనకు నమస్కారం పెట్టే ఆచారం ఎక్కడా కనబడదు.

ఆ వార్డు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ప్లీహం పెరిగిన రోగి ఒకరు చేరారనుకోండి. మన పెద్దవాళ్ళు దీన్ని "కడుపులో బల్ల" అనేవారు. ఆ వార్త హాస్టలులో క్షణంలో పాకిపోతుంది. "ఫలానా యూనిట్‌లో మంచి కేసు ఉన్నది" అంటారు. మంచి కేసు అంటే ఏమిటి? రోగం బాగా ముదిరి, చేతికి స్పష్టంగా తెలిసేది. ఎవరి రోగం ముదురుతుంది? మొదటివారంలోనే డాక్టరు దగ్గరికి పోగలిగినవాడిది ముదరదు. కూలిపోతుందని ఒకరోజు, బస్సుకు డబ్బుల్లేక ఒకరోజు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నదని ఒకరోజు వాయిదా వేసినవాడి కడుపులో బల్ల నాభిదాకా పెరుగుతుంది. అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మలా కనిపించే రోగం ఆ మనిషి బీదతనం తీర్చిదిద్దిన రోగం. విద్యార్థికి అది మంచి కేసు. ఉదయం తొమ్మిదినుంచి పదకొండుదాకా ముప్ఫై చేతులు ఆ కడుపును నొక్కుతాయి. "గాలి పీల్చు, వదులు, మళ్ళీ పీల్చు." పరీక్షల రోజుల్లో అదే రోగి "లాంగ్ కేసు"గా మారి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు మరి కొన్ని చేతులకింద పడుకుంటాడు. ఆ రోజుకు అతనికి కొంత డబ్బో, భోజనమో ఇచ్చే ఆచారం చాలాచోట్ల ఉన్నది.

నా దగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదివి, ఇప్పుడు వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్న అమ్మాయి ఒకతె మా పేటలోనే ఉంటుంది. నగరంలోని ఒక బోధనాసుపత్రిలో తనకు తగిలిన మాటను నాకు చెప్పింది. ఆమె పదిహేనో చెయ్యో ఇరవయ్యో చెయ్యో పెట్టబోతుండగా మంచంమీది ముసలమ్మ అన్నదట: "అందరు పట్టి చూసిపోతున్రు బిడ్డా. నా కడుపుల ఏమున్నదో ఒక్కలన్న చెప్తలేరు." ఆ అమ్మాయి సరిగ్గా జవాబు చెప్పలేకపోయింది. ఎందుకంటే తెలిసింది చెప్పే అధికారం విద్యార్థికి లేదు. అధికారం ఉన్న పెద్ద డాక్టరు రౌండ్లలో మంచానికి రెండు నిమిషాలు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడి పోయాడు. ముప్ఫైమంది ఆమె శరీరంనుంచి జ్ఞానం పుచ్చుకుపోయారు. ఆ శరీరం గురించిన జ్ఞానం ఆమెకు మాత్రం అందలేదు. ఆ మాటలో కోపంకూడా లేదు. కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

ఇక్కడ భాష సంగతి వస్తుంది. నా వృత్తి అది గనుక రెండు మాటలు ఎక్కువ చెప్పినా పాఠకులు క్షమించాలి. రోగి చరిత్ర రాసుకునే పద్ధతిలో మొదటి సూత్రం ఏమిటంటే, బాధను రోగి సొంతమాటల్లోనే రాయాలి. ఎంత గొప్ప సూత్రం! మా తెలంగాణాలో జబ్బుచేసిన మనిషి "పానం మంచిగ లేదు" అంటాడు. ఒంటిని ప్రాణమనే పిలుస్తాడు. "నరాలు గుంజుతున్నయి" అంటాడు, "కండ్లకు చీకట్లొస్తున్నయి" అంటాడు. కేసుషీటుమీదికి వచ్చేసరికి ఇవన్నీ కలిసి "జనరలైజ్డ్ వీక్‌నెస్" అయిపోతాయి. సొంతమాటల సూత్రం ఇంగ్లీషులో అమలవుతున్నదన్నమాట! 1846లో హైదరాబాదులో మెడికల్ స్కూలు పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో మొదలయ్యాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక వైద్యాన్ని కూడా ఉర్దూలో చెప్పి చూపించింది. దేశభాషలో వైద్యం చెప్పడం అసాధ్యమనేవారికి అది తిరుగులేని జవాబు. కాని నల్లగొండనుంచో మెదక్‌నుంచో వచ్చిన తెలుగు రైతుకు ఆనాడూ తన రోగం పరాయిభాషలోనే ఉండేది. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చాక మరో పరాయిభాషలోకి పోయింది. 2019నుంచి అమలైన కొత్త పాఠ్యప్రణాళికలో మొదటినెలలోనే స్థానికభాష నేర్పాలన్నారు. వైద్యుని వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేకంగా పాఠాలు పెట్టారు. సంతోషం. ఆ తరువాత విద్యార్థులచేత గ్రామాల్లో కుటుంబాలను "దత్తత" తీసుకునే కార్యక్రమం కూడా వచ్చింది. ఆ పద్ధతి మంచిదేగాని మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. కూలిచేసి పిల్లల్ని పెంచుతున్న పెద్దవాళ్ళున్న కుటుంబాన్ని పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు దత్తత తీసుకోవడమేమిటి? నేర్చుకోవడానికి పోయినవాడే ఆ ఇంటికి దత్తుడు కావాలి.

ఇప్పుడు ఆక్షేపణలు విందాం. బోధనాసుపత్రిలో వైద్యం ఉచితం గదా, రోగి తన శరీరాన్ని కాసేపు పాఠానికి ఇస్తాడు, ఆసుపత్రి అతనికి మందిస్తుంది, చెల్లుకు చెల్లు అని కొందరంటారు. చూడటానికి న్యాయంగానే ఉన్నది. కాని బేరమంటే ఇద్దరికీ కాదనే స్వాతంత్ర్యం ఉండాలి. ఇంకో దిక్కులేక వచ్చినవాడు ఒప్పుకున్నది ఒప్పుకోలు ఎలా అవుతుంది? పైగా ఆ వైద్యం ఉచితమన్నదే అబద్ధం. అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ పన్ను కట్టాడు. ఆసుపత్రి కట్టిన ఇటుకలో ఆ ముసలమ్మ డబ్బుకూడా ఉన్నది. తన సొమ్ముతో తనకు రావలసిన వైద్యాన్ని దానంగా చూపించి, దానికి బదులుగా శరీరం అడగడం వడ్డీవ్యాపారి న్యాయం.

రెండో ఆక్షేపణకు ఎక్కువ బలమున్నది. వైద్యుడు ప్రతి బాధకూ కరిగిపోతే కత్తి పట్టలేడు, కొంత కాఠిన్యం వృత్తిధర్మమే అంటారు. నిజమే. కొమ్మూరి వేణుగోపాలరావు "హౌస్ సర్జన్" నవలను తెలుగువాళ్ళు అంతగా చదవడానికి ఒక కారణం, ఆ కాఠిన్యం ఒక యువకుడిలో ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవాలనే కుతూహలమే అనుకుంటాను. విద్యార్థికూడా సుఖపడుతున్నాడని ఎవరూ భ్రమపడనక్కరలేదు. రోజంతా, మళ్ళీ రాత్రంతా డ్యూటీచేసే హౌస్ సర్జను ఆసుపత్రిలో అతి చవకైన కూలీ. 2020 జూన్‌లో, కరోనా రోగులతో నిండిపోయిన గాంధీ ఆసుపత్రిలో, ఒక డాక్టరుమీద దాడి జరిగాక జూనియర్ డాక్టర్లు రోడ్డుమీద కూర్చున్నారు. 2024 జూన్‌లో స్టైపెండు సకాలంలో ఇవ్వండని రాష్ట్రమంతటా సమ్మెచేశారు. వ్యవస్థ రోగినీ విద్యార్థినీ ఒకే గదిలో ఇరికించి, ఒకరికొకరు శత్రువులన్నట్టు నిలబెడుతున్నది. అయితే నేను అడుగుతున్నది చెయ్యి వణకాలని కాదు. చెయ్యి గట్టిగానే ఉండనివ్వండి. పెట్టేముందు నోరు ఒకమాట అడగాలి, తీసిన తరువాత ఒకమాట చెప్పాలి. కరుణ వేరు, అడగడం వేరు. కరుణలో డాక్టరు పైనే ఉంటాడు, రోగి కిందనే ఉంటాడు. అడిగినప్పుడు మాత్రమే రోగికి "వద్దు" అనే అవకాశం వస్తుంది.

మా పక్కనే జరిగిన ఒక గొప్ప సంఘటనను ఈ దృష్టితో చూడండి. యాప్రాల్‌లో వానాకాలం వచ్చిందంటే దోమలకు కొదవలేదు. మురుగుచేరిన నాగిరెడ్డి చెరువు ఉండనే ఉన్నది. దోమకూ మలేరియాకూ సంబంధాన్ని కళ్ళారా చూసిన చోటు ఇక్కడికి దూరమేమీ కాదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, అప్పటి మిలిటరీ ఆసుపత్రిలో, రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని గుర్తించాడు. ఆ దోమ నాలుగురోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. రాస్ ప్రతిభను తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. మైక్రోస్కోపు తుప్పుపట్టేంత చెమటకార్చి ఆయన పనిచేశాడు. నేను చెప్పేదల్లా, హుసేన్ ఖాన్‌కు కనీసం అణాలు ముట్టాయి, పేరుకూడా మిగిలింది. అతని పక్కమంచాలవాళ్ళ పేర్లు మిగలలేదు. ఆ తరువాత నూటపాతికేళ్ళకు పైగా ఈ జంటనగరాల ఆసుపత్రులలో డాక్టర్లను తయారుచేసిన లక్షలాది మంచాలలో ఏ ఒక్కదాని పేరూ మిగలలేదు.

డాక్టర్లు చేసే ప్రమాణాలను ఈ మధ్య మళ్ళీ చదివాను. 2022లో హిపోక్రటీసు ప్రమాణమా, చరకుని ప్రమాణమా అని పెద్ద రగడ జరిగింది గదా. విదేశీయమా స్వదేశీయమా అని వాదించుకున్నారేగాని, రెండింటిలోనూ ఉన్న ఒక లోపాన్ని ఎవరూ ఎత్తిచూపలేదు. హిపోక్రటీసు, విద్య నేర్పిన గురువును తలిదండ్రులతో సమానంగా చూడమన్నాడు, అవసరమైతే తన సంపాదనలో భాగమివ్వమన్నాడు. చరకుడు శిష్యుణ్ణి పూర్తిగా గురువు అధీనంలో ఉండమన్నాడు. అదేచోట రాజుకు గిట్టనివారికి వైద్యం చెయ్యవద్దనికూడా అన్నాడు. రోగికి మేలు చెయ్యాలని ఇద్దరూ చెప్పారు. కాని విద్యకు సంబంధించిన రుణం గురువుకే రాశారు. తన ఒంటిమీద నేర్చుకోనిచ్చినవాడి పేర పద్దే తెరవలేదు. రోగి అంటే మేలు పొందేవాడేగాని మేలు చేసినవాడనే ఊహ ఇద్దరికీ రాలేదు.

నేను చెప్పేదాంట్లో ఒక చిక్కున్నది, దాన్ని దాటవెయ్యను. అడగాలి అన్నాం. అడిగితే రోగులందరూ వద్దంటే? అప్పుడు డాక్టర్లు ఎలా తయారవుతారు? ఎవరో ఒకరి శరీరంమీద మొదటిసారి సూది గుచ్చకుండా ఏ డాక్టరూ పుట్టడు. ఆ మొదటి సూది ఎవరికి? ఇంతకాలం ఈ ప్రశ్నకు సమాజం మాట్లాడకుండా జవాబు చెప్పింది: బీదవాడికి. నేర్చుకునే చెయ్యి జనరల్ వార్డులో తడబడుతుంది; ఆరితేరిన తరువాత అదే చెయ్యి కార్పొరేట్ ఆసుపత్రి గదిలో ఫీజు పుచ్చుకుంటుంది. తప్పులు ఒక వర్గానికి, నైపుణ్యం ఇంకొక వర్గానికి. ప్రైవేటు వైద్యకళాశాలల్లో ఇది మరీ నగ్నంగా కనిపిస్తుంది. తనిఖీరోజున మంచాలు నింపడానికి కూలి ఇచ్చి మనుషుల్ని పడుకోబెట్టిన ఉదంతాలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. అక్కడ బీదవాడికి రోగం కూడా అక్కరలేదు, శరీరం ఉంటే చాలు.

డాక్టర్లు కావాలన్నది సమాజమంతటి అవసరమైతే, వాళ్ళకు పాఠం కావడమనే భారంకూడా సమాజమంతటిదీ కావాలి. మంత్రిగారి కడుపుమీదకూడా ముప్ఫై చేతులు పడాలి. ఆయన్ని ముందుగా అడుగుతారు, తెరకడతారు, చల్లటి స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చచేసి పెడతారు, చూసింది తెలుగులో చెబుతారు. ఆ మర్యాదలన్నీ అప్పుడు ఒక్కరోజులో పాఠ్యప్రణాళికలో చేరిపోతాయని నా నమ్మకం. మంత్రిగారు వచ్చి సర్కారు దవాఖానలో పడుకునేదాకా ఆగమని నేననను. ఆ మర్యాదలు ముసలమ్మ మంచం దగ్గర ఇవాళే మొదలుపెట్టడానికి ఏ చట్టమూ అడ్డంరాదు.

ఈ మాటే మా పేట అమ్మాయితో అంటే, "రెండుగంటల్లో నలభైమందిమి చూడాలి సార్, అడుగుతూ కూర్చుంటే లాగ్‌బుక్ ఎవరు నింపుతారు?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. ఆ లాగ్‌బుక్ తెప్పించుకుని చూశాను. ఏ కేసు, ఏ తేదీ, ఏం నేర్చుకున్నావు, పక్కన అధ్యాపకుని సంతకం. అధ్యాపకుని సంతకం పక్కన మరొక గడి గీయడానికి పేజీలో చోటున్నది. ఈ విద్యార్థి నన్ను అడిగే చూసిందా, చూసింది నాకు తెలిసేలా చెప్పిందా అన్న రెండు ప్రశ్నలు అందులో పడతాయి. దానికింద సంతకం రోగిది. రాయడం రానివాళ్ళకు ఆ రెండూ చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకోవచ్చు.